కొత్తోడి మంచం

రాజేశం ఇంగ్లండు నుంచి ఊరికి పోతూ మస్కట్లో ఒక రోజు ఆగుతానని ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. ఇక్కణ్ణించి వెళ్ళినవాళ్ళందరూ ఆ మాటే అంటారు. తీరా టికెట్ కొనేటప్పుడు ఇంకో దారిన చవగ్గా దొరికితే అటే పోతారు. రాజేశం మాత్రం నిజంగానే వచ్చాడు. ఎయిర్‌పోర్టు బయట కోటు చేతిమీద వేసుకుని, చెమటతో తడిసిపోయి నిలబడి, "నర్సన్నా, గీ ఎండల మనం ఎట్ల పనిజేసినమే!" అన్నాడు. మనిషి లావెక్కాడు, జుట్టు పల్చబడింది. గొంతు మాత్రం జగిత్యాల గొంతే, ఏమీ మారలేదు. అది వినగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండ మీద నెపం పెట్టి తుడుచుకున్నాను. తనకు రెండే కోరికలున్నాయన్నాడు. మేమున్న రూమ్ చూడాలి, ఖలీల్ భాయ్ చేతి అన్నం తినాలి.

ముందు రూమ్‌కు పోయాం. పోయాం అనడమే గాని అక్కడ రూమ్ ఎక్కడిది? మస్కట్ శివార్లలో అల్ హైల్‌లో వర్క్‌షాపుల వెనక సందులో మా కంపెనీ మమ్మల్ని పెట్టిన ఆ రేకుల ఇల్లు ఎప్పుడో పడగొట్టేశారు. ఆ జాగాలో ఇప్పుడు కార్లు కడుగుతారు. నా ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు అక్కడికి దగ్గరే కాబట్టి రోజూ చూసే చోటే నాకది. రాజేశం కారు దిగి, సబ్బు నురుగులో బూట్లు తడుస్తున్నా పట్టించుకోకుండా, "గీడ తలుపు. గీడ నీళ్ళ డ్రమ్ము. గీడ నా మంచం" అని చేత్తో చూపిస్తూ నడిచాడు. కార్లు కడిగే నేపాలీ అతను పైపు ఆపేసి మా ఇద్దరినీ వింతగా చూశాడు. అతని కళ్ళకు మేమెలా కనిపించి ఉంటామో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ రూమ్ వాసన నాకింకా గుర్తే. సిమెంటు పట్టిన బట్టలు, తడిసిన ఇనుము వాసన కొట్టే పాత ఏసీ, మంచాల కింద అట్టపెట్టెల్లో ఊరి నుంచి తెచ్చుకున్న కారప్పొడి, ఎవరో దాచుకున్న ఎండు చేపలు. వాటన్నిటి మీదా సాయంత్రం అయ్యేసరికి ఖలీల్ భాయ్ తిరగమోత వాసన కమ్ముకునేది. ఖలీల్ భాయ్‌ది కడప జిల్లా. షట్టరింగ్ కార్పెంటర్. మా అందరికన్నా పెద్దవాడు. పొద్దున డ్యూటీకి పోయేముందే గిన్నెలో చింతపండు నానేసి మూతపెట్టి పోయేవాడు. సాయంత్రం బస్సు దిగి చేతులు కడుక్కోగానే ఆ మూత తీసి పులుసు పిసికేవాడు. పగలంతా ఎన్ని చెక్కలు కొట్టినా, యజమాని అర్బాబ్ ఎన్ని మాటలన్నా, ఆ చింతపండు పిసికేటప్పుడు ఆయన ముఖంలో ఒక నెమ్మది ఉండేది. శుక్రవారం మసీదుకు పోయేముందు తను అత్తరు రాసుకుని, సీసా మూతకు మిగిలింది మా మణికట్లకు పూసేవాడు. "మీ దేవుడు కోప్పడడులేప్పా" అనేవాడు. మేమంతా ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఆ శుక్రవారాల్లో మేం ఊరికి ఫోన్ చేసి మాట్లాడేటప్పుడు కూడా ఆ అత్తరు వాసనే వచ్చేది.

ఆ రూమ్‌లో రాసిపెట్టని ఆచారం ఒకటుండేది. తలుపు పక్కన ఉన్న మంచం కొత్తోడి మంచం. ఎవరు కొత్తగా వస్తే వాళ్ళదది. తలుపు తీసిన ప్రతిసారీ ఎండ గాలి ముఖాన కొట్టేది. బాత్‌రూముకు పోయేవాళ్ళు కాళ్ళు తొక్కుకుంటూ పోయేవాళ్ళు. ఏసీ గాలి అక్కడికి చేరేదే కాదు. ఆ మంచంతో పాటు కొన్ని పనులు కూడా వచ్చేవి. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ము నింపాలి, అన్నం వండే పెద్ద గంజు తోమాలి, బాత్‌రూము కడగాలి. ఇంకొకడు వచ్చేదాకా అంతే. ఇంకొకడు రాగానే మనం లోపలి మంచానికి జరిగిపోతాం. కొత్తవాడు వస్తున్నాడని కంపెనీ ఆఫీసు నుంచి కబురొస్తే ఆ తలుపు పక్కవాడి సంతోషం చూడాలి. ఎవడో ఒకడు ఊళ్ళో భూమి తాకట్టు పెట్టి, పెళ్ళాం పిల్లల్ని వదిలి వస్తున్నాడంటే, ఇక్కడ ఒకడి ముఖం వెలిగిపోయేది. అది తప్పని మాకెవరికీ తోచలేదు. అందరం ఆ మంచం మీద నుంచి వచ్చినవాళ్ళమే కదా అనుకునేవాళ్ళం.

రాజేశం వచ్చినప్పుడు వాణ్ణి ఎక్కువ సతాయించింది మేస్త్రీ కాదు, పాతవాళ్ళమూ కాదు. వాడికన్నా ముందు ఆ మంచం మీద పడుకున్న లింబాద్రి. గంజు తోమితే వేలు పెట్టి జిడ్డుందని మళ్ళీ తోమించేవాడు. రాజేశం డ్రమ్ము దగ్గర కూర్చుని ఏడ్చేవాడు. ఏడుపు వినపడకుండా మగ్గుతో నీళ్ళు పోసుకుంటూ ఏడ్చేవాడు. ఖలీల్ భాయ్ పోయి పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, గంజు రెండోవైపు తను తోమేవాడు. ఎంగిలి నీళ్ళు చేతుల మీద నుంచి కారుతుంటే ఇద్దరూ అలా కూర్చునేవాళ్ళు. ఒకసారి రాజేశం నాతో, "నర్సన్నా, మా నాయిన సచ్చినంక నా పక్కన గిట్ల కూసున్నోడు లేడే" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా ఆ రోజుల్లో పెరిగిన ప్రేమ నాకు తెలుసు కాబట్టే తర్వాత జరిగింది నాకంత కష్టంగా ఉంది.

కొన్నాళ్ళకు బిహార్ నుంచి లఖన్ అనే మనిషి వచ్చాడు. మాకంటే వయసులో పెద్ద. ఇద్దరాడపిల్లల తండ్రి. నెమ్మదస్తుడు, ఏం చెప్పినా "జీ భయ్యా" అనేవాడు. రాజేశం లోపలి మంచానికి జరిగాడు. జరిగిన మర్నాటి నుంచి వాడు మారిపోయాడు. గంజులో వేలు పెట్టి చూడటం, పడుకున్నవాణ్ణి లేపి డ్రమ్ము నింపమనటం, బిహారీ యాసను వెక్కిరించటం. లింబాద్రి కూడా అంత చేయలేదు. నేను ఒకరోజు, "నువ్వు గదే మంచం మీద ఏడ్సినవ్ గదరా" అంటే, "అందుకే అంటున్న. నేను పడ్డది వీడు ఎందుకు పడొద్దు? నేను పిచ్చోన్నా?" అన్నాడు. ఇప్పటికీ ఆ ప్రశ్నకు మంచి జవాబు ఉందో లేదో నాకు తెలియదు.

జవాబు ఖలీల్ భాయ్ చెప్పాడు, మాటల్తో కాదు. ఒక శుక్రవారం మేం నిద్ర లేచేసరికి ఆయన పరుపు, దిండు, తస్బీ దండ అన్నీ తలుపు పక్క మంచం మీదున్నాయి. లఖన్ లోపలున్నాడు, బిత్తరపోయి. "నేను తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేస్తానప్పా. మీ నిద్ర చెడిపోకుండా ఈడుంటే మేలు" అన్నాడు ఖలీల్ భాయ్. అంతే. సీనియర్ మోస్ట్ మనిషి కొత్తోడి మంచం మీద కూర్చున్నాక ఇంక కొత్తోడి పనులు ఎవరికి చెప్తాం? గంజు వంతుల మీద పడింది. అందరం మెల్లగా అలవాటు పడ్డాం. రాజేశం మాత్రం చాలా రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. తను అనుభవించిన కష్టానికి విలువ లేకుండా పోయిందని వాడి బాధ. చివరికి ఒక శుక్రవారం పప్పుతో దాల్చా వండిన రోజున ఆ వాసనకు వాడే దిగొచ్చి, ఖలీల్ భాయ్ పక్కన కూర్చుని, పచ్చిపులుసు కలిపాడు. ఆ పూట ఒకే పళ్ళెం చుట్టూ తెలుగు, దక్కనీ, భోజ్‌పురి కలిసి నవ్వుకున్న నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. ఈ వయసులో నాకు డబ్బు మీద, ఇల్లు మీద పెద్ద ఆశ లేదు గాని, ఆ పళ్ళెం దగ్గర ఇంకొక్కసారి కూర్చోవాలని మాత్రం ప్రాణం లాగుతుంది.

తర్వాత రాజేశానికి మస్కట్లో నర్సుగా చేసే సుగుణతో పెళ్ళయింది. మా కరీంనగర్ వైపు అమ్మాయే. ఆమెకు ఇంగ్లండులో ఉద్యోగం వస్తే ఆమె వెంట వీడూ పోయాడు. అక్కడ గిడ్డంగిలో మూటలు మోశాడు, బస్సు డ్రైవరయ్యాడు, పరీక్ష రాసి ఆ దేశపు పౌరుడయ్యాడు. ప్రతి పండక్కీ నాకూ ఖలీల్ భాయ్‌కీ ఫోన్ చేసేవాడు. ఈ మధ్య ఆ ఫోన్లు తగ్గాయి. పనుల్లో ఉన్నాడేమో అనుకున్నాను.

ఖలీల్ భాయ్ ఇప్పుడు సహం అనే ఊళ్ళో ఉన్నాడు. ఒక ఒమానీ పేరు మీదున్న చిన్న టీ హోటల్ నడుపుతున్నాడు. నా కారులో తీరం వెంట పోయే బాతినా రోడ్డు పట్టుకుని బయల్దేరాం. ఒక పక్క ఖర్జూర తోటలు, ఇంకో పక్క లారీలు. రాజేశం ఫోన్‌లో తన ఇల్లు చూపించాడు. ముందు గడ్డి, వెనక గడ్డి, పైన ఎవరూ వాడని ఒక గది. "సుట్టాలస్తే ఉండనీకి పెట్టినమన్నా. ఎవ్వలు రారు" అన్నాడు. తర్వాత ఇంకో ఫోటో. పెద్ద హాలు, వేదిక మీద మైకు ముందు రాజేశం, కోటుకు రిబ్బను పువ్వు. నేను ఏ తెలుగు సంఘమో అనుకున్నాను. "పార్టీ అన్నా" అన్నాడు. "బయటోల్లను ఇగ రానియ్యద్దు అనే పార్టీ." నేను నవ్వాను, ఎగతాళి చేస్తున్నాడని. వాడు నవ్వలేదు.

"మరి నువ్వెవలివిరా?" అన్నాను.

"నేను పద్ధతిగ పోయిన. లైన్ల నిలవడి పోయిన. పరీక్ష రాసిన, టాక్సు కట్టిన, మంచుల బస్సు నడిపిన. గిప్పుడు పడవల్లెక్కి వస్తున్రు, వచ్చినోల్లకు వచ్చినట్టు రూములిస్తున్రు. నేను పడ్డది వీల్లు ఎందుకు పడొద్దు?"

అదే మాట, అదే గొంతు. ఆ మాట తను ఇంతకుముందు ఎక్కడన్నాడో వాడికి గుర్తున్నట్టు లేదు. కోపంతో, "గా పార్టోల్లకు నీ తోలు కనవడదారా?" అని అడిగేశాను. వాడు కిటికీలోంచి చూస్తూ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఒక సాయంత్రం బస్సులో తాగినవాడొకడు, పడవలోళ్ళతో పాటు నువ్వు కూడా పో అని అరిచాడట. బస్సంతా నిండుగా జనం. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే ముసలమ్మలు కూడా తల దించుకున్నారట. "కొత్తోల్లు ఎక్కువైనకాన్నుంచి నా మొఖం సుత కొత్తగనే కనవడ్తున్నదన్నా వాల్లకు. గిన్నేండ్ల సంది ఉండి మల్ల తలుపు కాడికి వచ్చిపడ్డ. గప్పుడే ఈ పార్టీ మనిషి ఒకాయిన నా బుజం మీద చెయ్యేసి, నువ్వు గాల్లసొంటోనివి గాదు, మావోనివి అన్నడు. గా మాట వినేతందుకు ఎంత కాలం సూసిన్నో నీకు తెల్వది. మస్కట్ల మనలనెవడన్న మైకు ముందట నిలవెట్టిండా?"

లేదు, నిలబెట్టలేదు. నేను ఇక్కడ నా జీవితమంతా గడిపాను. ఇప్పటికీ బతాకా అనే రెసిడెంటు కార్డు రెన్యూ చేయించుకుంటేనే ఈ నేల మీద నిలబడే హక్కు. ఒమానీలు మంచివాళ్ళు, నన్ను కష్టపెట్టినవాళ్ళు తక్కువ. కానీ నువ్వు మావాడివి అని ఇక్కడ ఎవరూ అనరు, అంటారని మేమూ అనుకోం. అందుకేనేమో, తలుపు మూయాల్సిన పని కూడా మా మీద పడలేదు. రాజేశానికి ఆ మాట దొరికింది. దొరికినదాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి, తన వెనక వచ్చేవాణ్ణి బయటికి తోస్తూ ఉండాలి, అందరూ చూసేట్టు తోయాలి. వాడి మీద నాకు కోపం పోలేదు. కానీ వాణ్ణి అర్థం చేసుకోవటం ఇంత సులువుగా ఉందేమిటా అని భయం మాత్రం వేసింది. ఊళ్ళో రైసు మిల్లుల్లో పనికొచ్చిన బిహారీలను గురించి మా ఫోన్ గ్రూపుల్లో మనవాళ్ళు రాసే రాతలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అవి రాసేవాళ్ళలో సగం మంది గల్ఫ్‌లో ఉండి రాస్తున్నవాళ్ళే.

ఖలీల్ భాయ్ గడ్డం పూర్తిగా తెల్లబడింది. రాజేశాన్ని చూసి హోటల్ బయటికి పరుగున వచ్చి, వాటేసుకుని, "ఏమప్పా రాజేశం, ఇంత లావైనావే! ఆ చలి దేశంలో ఏం తింటాండావు?" అన్నాడు. రాజేశం ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. ఆ రోజు గిరాకీ పనివాడికి అప్పగించి, వెనక గదిలో చాప వేసి, అన్నం, దాల్చా, చేపల వేపుడు పెట్టాడు. చింతపండు పులుపు నోటికి తగలగానే రాజేశం కళ్ళు మూసుకున్నాడు. కాసేపు మేం ముగ్గురం ఆ రేకుల ఇంట్లోనే ఉన్నాం.

అన్నాల మధ్యలో ఖలీల్ భాయ్ చెప్పాడు, తన చిన్న కూతురు షబానాకు ఇంగ్లండులో ముసలివాళ్ళను చూసుకునే ఇంట్లో పని దొరికిందని. ఊరి పేరు చెప్పాడు. రాజేశం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. వాడుండే ఊరే అది.

"అల్లా దయ చూడప్పా" అన్నాడు ఖలీల్ భాయ్. "ఇంత పెద్ద దేశంలో నువ్వుండే ఊరే దొరికింది. రూమ్ దొరికేదాకా కొన్నాళ్ళు నీ ఇంట్లో పెట్టుకో. సుగుణమ్మ ఉంటాది, నాకు దిగుల్లేదు. అక్కడ మనోళ్ళకు తొందరగా రూములియ్యరంట కదా."

నేను రాజేశం వైపే చూస్తున్నాను. పైన ఉన్న ఖాళీ గది ఫోటో వాడు నాకు చూపించి ఇంకా పూట కూడా గడవలేదు. వాడు పళ్ళెంలోకి చూస్తూ, "ఇల్లు చిన్నగున్నది భాయ్. పిల్లల సదువులు... జెర్ర కష్టమైతది" అన్నాడు.

నాకు చెయ్యి కడిగేసుకుని లేచిపోదామనిపించింది. ఖలీల్ భాయ్ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత ఆయనే వాడి పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేశాడు. "సరేలేప్పా. ఇల్లన్నాక ఇబ్బందులుంటాయి. తిను. అయితే ఒకటి చెప్పు. ఆ బిడ్డ ఎప్పుడూ ఒంటరిగా ఉన్నది కాదు. అక్కడ ఎట్ల మసులుకోవాలో నువ్వే చెప్పాల. నీకన్నా తెలిసినోళ్ళు నాకెవరుండారు?"

తప్పించుకున్నానన్న తేలికతో రాజేశం గబగబా చెప్పటం మొదలుపెట్టాడు. కోటు ఎలాంటిది కొనాలో చెప్పాడు. చీకటిపడ్డాక పెద్ద రోడ్డు మీదనే నడవాలన్నాడు. బస్సులో ఫోన్ మాట్లాడేటప్పుడు మన భాష గట్టిగా మాట్లాడొద్దన్నాడు. చెప్తున్నకొద్దీ వాడి మాటల్లో ప్రేమ కూడా వచ్చింది. అది పాత రాజేశం ప్రేమే. ఆ ఊపులో, "శనివారం మాత్రం నడి బజారు దిక్కు పోవద్దని చెప్పు భాయ్. జెండాలు పట్టుకొని జనం జమైతరు. తలకు బట్ట కట్టుకున్నోల్లను జూస్తే ఒర్రుతరు. ఒక్కొక్కపారి సీసాలు సుత ఇసురుతరు" అన్నాడు.

"అయ్యో. నీకెట్ల తెలుసప్పా?"

"సూసిన భాయ్."

"అప్పుడు నువ్వు యాడుంటావు?"

రాజేశం నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు. హోటల్ ముందు ఎవరో టీ అడుగుతున్న కేక వినిపించింది. అబద్ధం చెప్పటానికి వాడికి కావలసినంత వ్యవధి ఉంది. కానీ ఆయన అన్నం తింటూ ఆయనకే రెండో అబద్ధం చెప్పలేకపోయాడనుకుంటాను.

"ఆడ్నే ఉంట భాయ్" అన్నాడు. "ప్రతి శనివారం ఆడ్నే ఉంట."

ఖలీల్ భాయ్ తలెత్తి వాడి ముఖంలోకి చూశాడు. ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో నేను ఆ రోజూ చెప్పలేకపోయాను, ఇవాళా చెప్పలేను. ఎడం చెయ్యి తీసి రాజేశం మోకాలి మీద వేశాడు.

"అయితే నాకు భయం లేదప్పా" అన్నాడు. "ఎప్పుడన్నా ఆ గుంపులో చిక్కుకుంటే పరిగెత్తొద్దు, మీ రాజేశం చాచా యాడుండాడో వెతుక్కోని పోయి ఆయన పక్కన నిలబడుకో అని చెప్తా."

రాజేశం లేచిపోయి చెయ్యి కడుక్కున్నాడు. తిరిగి మస్కట్ చేరాం. ఎయిర్‌పోర్టులో దిగి, నా చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పబోయి, "సరే అన్నా" అని లోపలికి పోయాడు. ఆ తర్వాత ఇంతవరకూ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.

షబానా వెళ్ళింది. ఎవరో మలయాళీ అమ్మాయిలతో రూమ్‌లో చేరిందట. డ్యూటీ బాగుందట. శనివారం సాయంత్రం కూతురితో మాట్లాడాక ఖలీల్ భాయ్ నాకు ఫోన్ చేసి, "బిడ్డ బాగుండాదప్పా" అని ఒక్క ముక్క చెప్తాడు. ఆ ఫోన్ వచ్చేదాకా నేను కొట్టులో ఊరికే సామాన్లు సర్దుతూ ఉంటాను. రాజేశం ఆ బజారుకు పోవటం మానేసి ఉండాలని దేవుడికి మొక్కుకుంటాను. మొక్కుకున్న మరుక్షణమే, వాడు అక్కడ లేకపోతే ఆ పిల్ల ఎవరి పక్కకు పోయి నిలబడుతుంది అనిపిస్తుంది.